మూడేళ్ళ అనుభవ పత్రం

ఆసుపత్రి వెనక వీధి,
ఫిబ్రవరి 3

చెల్లీ,

పొద్దున దీపం పెట్టి నీ పేరూ, మరిదిగారి పేరూ, మీ అమ్మాయి పేరూ వరసగా తలుచుకున్నాను. మీరు ముగ్గురూ బాగానే ఉన్నారన్న ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీతో ఒక పని పడింది.

పద్నాలుగేళ్ళు నేను పనిచేసిన ఆసుపత్రి లాండ్రీని పోయిన ఏడాది మూసేసి, ఉతుకుడు పని ఒక కాంట్రాక్టరుకి అప్పగించిన సంగతి నీకు తెలుసు. మా తొమ్మిది మందినీ ఒకే పూట ఇంటికి పంపేశారు. అప్పటినుంచి దుప్పట్లు లారీలో ఊరి బయటి ఫ్యాక్టరీకి పోయి వస్తున్నాయి. వాటిని చూసి నర్సులు ముక్కు చిట్లిస్తున్నారట. పోయిన నెల ఒక డాక్టరుగారు ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ గుడ్డ విప్పి, పాత మరక అలాగే ఉందని చేతి తొడుగులు తీసేసి బయటికి వచ్చేశారట. అందుకని మే నెలలో మళ్ళీ టెండరు పిలుస్తున్నారు.

ఈ మాట ఆసుపత్రి స్టోరు గుమాస్తా మా చెవిన వేశాడు. మాలో మరకల మామ్మ అని ఒకావిడ ఉంది. అరవై మూడేళ్ళు, అందరికంటే పెద్దది. మరక చూసి అది నెత్తురో, అయోడినో, తాగే మందో చెబుతుంది. ఎన్నాళ్ళదో కూడా చెబుతుంది. ఆవిడ విని, "వాడెవడో చెడగొట్టేదాకా చూస్తూ కూర్చోడమెందుకు, మనమే పెట్టుకుంటే పోలా" అంది. నవ్వులాటకి అన్న మాట చెల్లీ. నాలుగు రోజుల తరవాత చూస్తే ఎవరూ నవ్వడం లేదు.

బస్సు డిపో పక్కన మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకి తీసుకున్నాం. సిమెంటు నేల, మధ్యలో కాలవ. నీళ్ళు మంచివి, సబ్బు బాగా నురగ కడుతోంది. ప్రస్తుతానికి ఒక చిన్న నర్సింగ్ హోమ్ బట్టలూ, రెండు లాడ్జీల బట్టలూ చేస్తున్నాం.

మా పద్ధతి నీకు చెప్పాలి. మాలో పైన ఎవరూ లేరు. పొద్దున పెద్ద తొట్టి చుట్టూ నిలబడి ఆ రోజు పని మాట్లాడుకుంటాం. ఒక్కరికి ఇష్టం లేకపోయినా వాళ్ళు చెప్పేది విన్నాకే కుళాయి తిప్పుతాం. ఒక వారం తడిపని చేసినవాళ్ళు పై వారం పొడిపనికి వస్తారు. తడిపని అంటే నానబెట్టడం, ఉతకడం, పిండడం. పొడిపని అంటే ఆరేయడం, ఇస్త్రీ, మడత, చిరుగులు కుట్టడం. సోడా నీళ్ళలో నెల్లాళ్ళు వరసగా చేతులు పెడితే వేళ్ళ సందులు పగిలి రవికె గుండీ కూడా పెట్టుకోలేం. పాత లాండ్రీలో కొందరికి జన్మంతా తడిపనే. ఇక్కడ అది ఉండకూడదని అందరం మొదటి రోజే అనుకున్నాం.

తొమ్మిది మంది ఆడవాళ్ళు ఆర్నెల్లు ఒక మాట మీద ఉంటే మీసం తీసేస్తానని మీ బావ పక్కింటాయనతో పందెం కాశారు.

ఆసుపత్రి టెండరు వెయ్యాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలట. నువ్వు ఆ ఆఫీసులోనే కూర్చుంటావు కదా. కాగితాలు ఎలా రాయాలో చెప్పు.

నీ అక్క

*

రిజిస్ట్రేషన్ల ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 14

అక్కా,

నీ ఉత్తరం ఫైలులో పెట్టుకుని చదివాను. చూసినవాళ్ళు నేను ఒళ్ళు వంచి పనిచేస్తున్నాననుకున్నారు. పైన తయారైన ఉత్తర్వులు ఊళ్ళలోని ఆఫీసులకి పంపేది నా బల్ల మీద నుంచే కాబట్టి, నా ముందు ఎప్పుడూ కాగితాల గుట్ట ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు.

నాకు చాలా సంతోషంగా ఉంది. నువ్వు పెద్దగా మాట్లాడవు కానీ, మెల్లగా మాట్లాడేవాళ్ళే ఇలాంటివి చేస్తారు. నేను ఇరవై రెండేళ్ళుగా వేరేవాళ్ళు పెట్టిన సంస్థలకి నంబర్లు వేస్తున్నాను. నాకంటూ ఒక టీ కొట్టు కూడా పెట్టే ధైర్యం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఫారంలో 'యజమాని' అని ఒక గీత ఉంటుంది. సరిగ్గా ఒక పేరు పట్టేంత గీత. మీ తొమ్మిది మంది పేర్లూ రాస్తే మా ఆఫీసరు "ఇది దరఖాస్తా, పెళ్ళి శుభలేఖా" అంటాడు. మాలో పైన ఎవరూ లేరంటే మా దగ్గర కుదరదు. ఎవరో ఒకరు పైన ఉండాలి. అందుకని సంఘంగా పెట్టండి. సంఘానికి అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి. అధ్యక్షురాలిగా నీ పేరు రాయి. పదో తరగతి పాసైంది నువ్వే, నీ చేతిరాత కూడా బాగుంటుంది. పేరుకే కదా, షెడ్డులో మీ ఇష్టం వచ్చినట్టు ఉండండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. అడిగినంతే రాయి. నిజమే కదా అని ఎక్కువ రాయకు.

మరకల మామ్మకి నా నమస్కారం చెప్పు. మా ఆఫీసులో కొన్ని మరకలున్నాయి, ఆవిడ వచ్చి చూడాలి.

నీ చెల్లి

*

ఐసు ఫ్యాక్టరీ షెడ్డు,
ఏప్రిల్ 9

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికే మేం తప్పు చేసేశాం. ఆ గీత మీద తొమ్మిది పేర్లూ రాసి, చోటు చాలక పక్క అంచు మీద కిందిదాకా రాసి పంపించాం. ఎర్ర పెన్సిలు గీతతో వెనక్కి వచ్చింది. అప్పుడు నువ్వు చెప్పినట్టు చేశాం.

అధ్యక్షురాలిగా ఉండమంటే ఎవరూ ముందుకి రాలేదు. చివరికి మామ్మ, "పిల్లా, నువ్వే పోయి కూర్చో. రాసేది నీకొచ్చు, తిట్టేది నీకు రాదు. అధ్యక్షురాలికి ఇంతకంటే ఏం కావాలి" అంది. మార్చి 27న సంఘం రిజిస్టర్ అయింది. బోర్డు రాయడానికి వచ్చినతను ఓనరు ఎవరని అడిగితే అందరం ఒకేసారి పలికాం. అతను కుంచె దించి నవ్వాడు.

ఆ తరవాత టెండరు ఫారం తెచ్చుకున్నాం. అందులో 'సంస్థకు ఈ పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి, ఎంత ఉందో తెలపండి' అని ఉంది. నువ్వు చెప్పినట్టు అడిగినంతే రాశాను. సంఘం పుట్టి ఆ రోజుకి పదకొండు రోజులు. 'పదకొండు రోజులు' అని రాశాను. స్టోరు గుమాస్తా చదివి నవ్వబోయి, మా మొహాలు చూసి ఆపుకున్నాడు.

నేను అతనికి మెల్లగా చెప్పి చూశాను, ఒక్కొక్కరం పద్నాలుగేళ్ళకి తక్కువ కాకుండా ఇదే ఆసుపత్రి దుప్పట్లు ఉతికాం అని. అది మీ అనుభవం, సంఘానిది కాదమ్మా అన్నాడు. మామ్మ ఊరుకోలేదు. "పురిట్లో బిడ్డని పట్టుకుని ఎన్నేళ్ళు ఉద్యోగం చేశావని అడుగుతారా బాబూ" అంది. అతను మంచివాడే. లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు కూడా. కొత్తగా పెట్టిన సంఘాలకి ఆ షరతు సడలిస్తూ పైన ఒక ఉత్తర్వు తయారైందని ఎవరో అనుకుంటుండగా విన్నాడట. అది కాగితం మీద ఊరికి వస్తేగానీ తను ఫారం తీసుకోలేనన్నాడు.

ఉత్తర్వులన్నీ నీ బల్ల మీద నుంచే వెళ్తాయని రాశావు. ఒక్కసారి చూసి చెప్పు. ఆఖరి తేదీ మే 10. నీకు ఇబ్బంది అవుతుందేమో తెలియదు. కానీ ఈ ఒక్క దాని మీదే మా షెడ్డు నిలబడేదీ పడేదీ. నర్సింగ్ హోమ్ బట్టలతో తొమ్మిది ఇళ్ళు గడవవు.

నీ అక్క

*

రిజిస్ట్రేషన్ల ప్రధాన కార్యాలయం,
ఏప్రిల్ 20

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ ఎండలు. మా సెక్షన్‌లో ఫ్యాను చెడిపోయి వారమైంది. బాగుచేయించమని రాసిన కాగితం మూడు బల్లలు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. అమ్మాయికి జ్ఞానదంతం నొప్పి. మీ మరిదిగారికి రోజూ ఉండే నడుము నొప్పే. మా సెక్షన్ హెడ్డు జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీలోకి ఎవరొస్తారా అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

నువ్వు అడిగిన ఉత్తర్వు సంగతి. అలాంటిదొకటి వస్తుందని నేనూ విన్నాను. పై ఫైళ్ళు ఎప్పుడు కదులుతాయో చెప్పలేం. దాని మీద ఆశ పెట్టుకోకు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. నీకు నచ్చదని తెలుసు, అయినా విను. ఆ పాత కాంట్రాక్టరు ఈసారి కూడా టెండరు వేస్తాడు. అతనికి అనుభవం ఉంది, పని రాదు. మీకు పని వచ్చు, అనుభవం లేదు. అతని పేరు మీద మీ షెడ్డులో మీరే ఉతకండి. మూడేళ్ళు గడిచాక మీకంటూ అనుభవం ఉంటుంది. అప్పుడు మీ సొంతంగా వెయ్యొచ్చు. ఇక్కడ చాలా సంఘాలు ఇలాగే బతుకుతున్నాయి. నేను రోజూ చూస్తున్నదే చెబుతున్నాను.

ఆరోగ్యం చూసుకో.

నీ చెల్లి

*

ఐసు ఫ్యాక్టరీ షెడ్డు,
జూలై 6

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాం. తొట్టి చుట్టూ నిలబడి రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఇద్దరు వద్దన్నారు. ఇస్త్రీ పనిలో అందరికంటే నేర్పున్న మనిషి ఒకతె ఉంది, ఇస్త్రీ వదిన అంటాం. ఆవిడ మొగుడు మంచం పట్టి ఉన్నాడు. ఆవిడ ఏడ్చింది. దాంతో వద్దన్నవాళ్ళు కూడా సరే అన్నారు.

కాంట్రాక్టరు మేం అనుకున్నంత చెడ్డవాడు కాదు. మర్యాదస్థుడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు. సోడా, సబ్బు వేళకి పంపుతున్నాడు. పిండే యంత్రం కొత్తది పెట్టించాడు. మామ్మ దానికి దండం పెట్టి, "నా భుజాలు ఇంకో పదేళ్ళు నాతోనే ఉంటాయి" అంది.

ఒక్కొక్కటే మారుతోంది. ఎవరూ గొడవపడి మార్చలేదు. "తొమ్మిది మందితో నేను మాట్లాడలేనమ్మా, ఒక్కరిని చెప్పండి" అన్నాడు అతను. కాగితం మీద అధ్యక్షురాలిని నేనే కాబట్టి నన్నే సూపర్‌వైజర్ అని రాసుకున్నాడు. ఆసుపత్రి లాండ్రీ పాత హాజరు పుస్తకాలు కూడా అతని దగ్గరే ఉన్నాయట. వాటిని తెచ్చి నా బీరువాలో పెట్టించాడు. తరవాత బీమావాళ్ళు వచ్చారు. ఎవరు ఏ పని చేస్తారో ఖాయంగా రాయాలన్నారు. తడిపనికి ఒక రేటు, పొడిపనికి ఒక రేటు. వారం వారం మారతామంటే వాళ్ళ పుస్తకంలో అలా రాసే చోటు లేదట. అయిదుగురిని తడిపనికి, ముగ్గురిని పొడిపనికి రాశారు. నేను దేనిలోనూ లేను.

పోయిన వారం గోడ మీద ఒక పలక కొట్టారు. 'పనివేళలో గుంపుగా నిలబడరాదు.' అది మా కోసం రాసింది కాదట, అతని ఫ్యాక్టరీలన్నిటిలో ఉంటుందట. అయినా ఆ రోజు నుంచి పొద్దున వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

పందెం గెలిచానని మీ బావ అనలేదు. ఒకరోజు షెడ్డు దాకా వచ్చి, చూసి వెళ్ళారు.

మూడేళ్ళే కదా అనుకుంటున్నాను. నువ్వు చెప్పిన దారి కాబట్టి ధైర్యంగానే ఉన్నాను.

నీ అక్క

*

ఇంటి నుంచి,
ఆగస్టు 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. నన్ను సెక్షన్ హెడ్డుని చేశారు. అమ్మాయి నా బల్ల చూస్తానని సరదాపడి ఆఫీసుకి వచ్చింది. నువ్వు ఉంటే బాగుండేది.

ఇకమీదట ఉత్తరాలు ఆఫీసుకి కాకుండా ఇంటికి రాయి. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళ ఉత్తరాలు నలుగురూ చూస్తారు.

మిగతావి తీరిగ్గా రాస్తాను.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి,
అక్టోబరు 19

చెల్లీ,

ఈ ఉత్తరం షెడ్డులో కూర్చుని రాయబుద్ధి కాక ఇంటికొచ్చి రాస్తున్నాను.

అరవై దాటినవాళ్ళు బాయిలరు ఉన్న చోట పనిచేస్తే తమకి సంబంధం లేదని బీమావాళ్ళు కాంట్రాక్టరుకి రాశారు. మాలో అరవై దాటినవాళ్ళు నలుగురు, మామ్మతో కలిపి. అతను జాబితా నా చేతికిచ్చి సంతకం పెట్టి చదివి వినిపించమన్నాడు. మీరే చెప్పొచ్చు కదా అన్నాను. "నేను చెబితే తీసేసినట్టు ఉంటుందమ్మా. మీరైతే సర్దిచెప్పినట్టు ఉంటుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు పెంచలేదు.

రెండు రోజులు ఆ కాగితం దగ్గర పెట్టుకున్నాను. దేవుడి గదిలో కూర్చున్నాను. సంతకం పెట్టకపోతే ఇంకొకరిని సూపర్‌వైజర్ చేస్తాడు, వాళ్ళు పెడతారు. ఆ నలుగురూ ఎలాగూ పోతారు. ఇలా అనుకుని పెట్టాను చెల్లీ. ఇప్పుడు ఆలోచిస్తే, మమ్మల్ని తొమ్మిది మందినీ ఇంటికి పంపిన రోజు ఆసుపత్రి మేనేజరు కూడా ఇలాగే అనుకుని ఉంటాడు.

సాయంత్రం పని అయ్యాక చదివాను. మామ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కాగితం అడిగింది. ఆవిడకి చదువు రాదు. కాస్త ఎడంగా పెట్టి చూసింది.

"రాసింది నువ్వేనా?"

"జాబితా వాళ్ళది మామ్మా. సంతకం నాది."

"గుండ్రంగా ఉంది" అంది. కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. ఆ రోజు తొట్టిలో నానబెట్టినవి నెత్తురు గుడ్డలు, వేడినీళ్ళు పొయ్యొద్దని రేపు తొట్టి దగ్గర నిలబడేవాళ్ళకి చెప్పమంది. వేడినీళ్ళు తగిలితే మరక గుడ్డకే అంటుకుపోతుంది. అది చెప్పి వెళ్ళిపోయింది. మిగతా ముగ్గురూ ఆవిడ వెనకే వెళ్ళారు. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు.

ఇంకొకటి అడగాలి. నిన్న స్టోరు గుమాస్తా కనిపించాడు. కొత్త సంఘాలకి షరతు సడలించిన ఉత్తర్వు ఈ నెల మొదట్లో ఊరికి వచ్చిందట. దాని మీద తేదీ మాత్రం జనవరి 12 అని ఉందట. అంటే మేం ఇంకా షెడ్డు కూడా చూడకముందే. తొమ్మిది నెలలు అది ఎక్కడ ఉంది చెల్లీ? నీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే తెలియదని రాయి, నమ్ముతాను.

నీ అక్క

*

ఇంటి నుంచి,
నవంబరు 2

అక్కా,

తెలియదని రాస్తే నమ్ముతానన్నావు. అందుకే రాయలేకపోతున్నాను.

అది నా దగ్గరే ఉంది. జనవరి ఆఖరివారంలో నా బల్ల మీదికి వచ్చింది. రెండొందల ప్రతులు తీసి ఊళ్ళకి పంపాలి. ఆఫీసరు పిలిచి, ఈ ఏడాది టెండర్లు అయ్యేదాకా ఆగితే నష్టమేం లేదన్నాడు. ఆపమని అనలేదు. కాగితం మీద ఏమీ రాయలేదు. నాకు అర్థమైంది. పెద్ద కాంట్రాక్టర్లు ఆయన గదికి వస్తూ పోతూ ఉండడం నేనూ చూశాను. జూన్‌లో ఖాళీ అయ్యే కుర్చీకి పేరు రాసేది ఆయనే.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు, మీకు దీనితో పని పడుతుందని నాకు తట్టలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను. ఏప్రిల్‌లో నువ్వు అడిగినప్పుడు మాత్రం తెలుసు. నీకు జవాబు రాస్తున్నప్పుడు ఆ ఉత్తర్వు నా మోచేతి కింద ఉంది. నీ ఒక్కదానికి ఒక ప్రతి పంపితే చాలేది. అది పైన ఎవరికైనా తెలిస్తే ఎక్కడ నుంచి వెళ్ళిందో ఇట్టే పట్టుకుంటారు. కాంట్రాక్టరు దగ్గర కూడా మీకు బాగానే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నీకు రాసిన ఆ సలహా ముందు నాకోసం రాసుకున్నది.

ఇన్నేళ్ళూ ఆఫీసు అలాంటిది, ఇలాంటిది అని నీకు నవ్వుతూ రాశాను. నవ్వేటప్పుడు నేను బయట నిలబడి ఉన్నాననుకున్నాను.

ఒక ప్రతి దీనితో పెడుతున్నాను. మూడో పేరా చూడు. సంఘానికి అనుభవం లేకపోయినా, అందులోని మనుషులు ఒక్కొక్కరూ మూడేళ్ళు ఆ పని చేసినట్టు, హాజరు పుస్తకం ఉన్న సూపర్‌వైజర్ సంతకంతో అనుభవ పత్రం ఉంటే చాలు. పై ఏడాది టెండరుకి ఆఖరి తేదీ డిసెంబరు 20. మామ్మా, ఆ ముగ్గురూ వేసుకోవచ్చు. హాజరు పుస్తకాలు నీ బీరువాలోనే ఉన్నాయని రాశావు.

నన్ను క్షమించమని అడుగుతున్నాను. వెంటనే జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

నీ చెల్లి

*

ఆసుపత్రి వెనక వీధి,
డిసెంబరు 22

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు నీ పేరు తలుచుకోకుండా దీపం పెట్టాను. మరిదిగారి పేరూ, అమ్మాయి పేరూ తలుచుకుని ఆపేసేదాన్ని. అది ముందు ఒప్పుకుని తరవాత మిగతాది రాస్తాను.

ఉత్తర్వు అందిన రోజే మామ్మ ఇంటికి తీసుకెళ్ళాను. నలుగురూ మంచం మీద కూర్చున్నారు, నేను చదివాను. మూడో పేరా రెండుసార్లు చదివించుకున్నారు. బాయిలరు లేకుండా పెద్ద రాగి గంగాళంలో కాచుకుంటామన్నారు. అప్పుడు బీమావాళ్ళతో పని ఉండదని మామ్మే ఆలోచించింది. ఆవిడ మేనకోడలి పెరట్లో నీళ్ళ కుళాయి ఉంది. నేనున్న ఆ గంటలోనే సంఘం ఫారం కూడా నింపారు. ఎవరు చెప్పారో తెలియదు, ఈసారి ఆ గీత మీద ఒక్క పేరే రాశారు. మిగతా ముగ్గురి పేర్లు రాయాలని ఎవరికీ తోచలేదు.

నలుగురి అనుభవ పత్రాలూ నేను రాయాలి. శుక్రవారానికి ఇస్తానని మాట ఇచ్చి వచ్చాను. నా గుండె అంత తేలిగ్గా ఉండి చాలా కాలమైంది.

బుధవారం కాంట్రాక్టరు పిలిచాడు. ఎలా తెలిసిందో తెలిసింది. కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించాడు. "సంతకం పెట్టడం మీ ఇష్టమమ్మా, నేను కాదనను. ఆసుపత్రి పని ఆ నలుగురికీ పోతే ఈ షెడ్డుతో నాకు పని లేదు. మిగిలిన వాళ్ళకి మాత్రం మీరే చెప్పాలి, మొన్న చెప్పినట్టు" అన్నాడు.

షెడ్డులోకి వచ్చి చూశాను. ఇస్త్రీ వదిన దుప్పటి అంచులు కలుపుతోంది. తడిపని దగ్గర ఒకతె వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఉతుకుతోంది. వాళ్ళకి ఏమీ తెలియదు. తెలిస్తే ఏమనేవారో. పాత రోజుల్లో అయితే తొట్టి చుట్టూ నిలబడి అడిగేదాన్ని. ఎనిమిది మందికీ చెప్పి, ఇదీ సంగతి, ఏం చేద్దాం అనేదాన్ని. ఇప్పుడూ అడగొచ్చు. గోడ మీద పలక నా నోరు మూయలేదు. అడిగితే నా పేరు పైనుంచి పోతుందని, నా కుర్చీ పోతుందని కూడా అనుకున్నాను. ఇస్త్రీ వదిన మొగుడి గురించి నేను పడ్డ బాధలో అదీ కలిసే ఉంది. ఎంత పాళ్ళు కలిసిందో విడదీసి చూసే ధైర్యం లేదు.

నాలుగు పత్రాలూ రాశాను. పేర్లు, ఏళ్ళు, చేసిన పని అన్నీ సరిగ్గా రాశాను. మామ్మది రాస్తుంటే పాత పుస్తకంలో చూశాను, పందొమ్మిదేళ్ళలో ఆవిడ నాగా పెట్టింది పదకొండు రోజులు. సంతకం చోటు వదిలి బీరువాలో పెట్టాను.

ఆ రోజు దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆయన ఏమీ చెప్పలేదని నీకు రాస్తే అబద్ధం అవుతుంది. చెప్పాడు. నేను విననట్టు లేచి దీపంలో వత్తి ఎగదోశాను.

శుక్రవారం మామ్మ వచ్చింది. ముద్ర ఇంకా రాలేదన్నాను. ముద్ర నా సొరుగులోనే ఉంది. మళ్ళీ వారం వచ్చింది. కాంట్రాక్టరుగారు ఊళ్ళో లేరు, ఆయన్ని అడక్కుండా ఇవ్వకూడదన్నాను. ఆయన పక్క గదిలో ఫోనులో మాట్లాడుతున్నాడు, గొంతు బయటికి వినిపిస్తోంది. మామ్మకి ఈ మధ్య వినికిడి తగ్గింది. నాకు అది తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

పద్దెనిమిదో తేదీన నలుగురూ వచ్చారు. గేటు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేదు. నన్ను ఏళ్ళ తరబడి పిల్లా అని పిలిచిన మనుషులు మేడమ్ గారు ఖాళీగా ఉన్నారా అని గేటు మనిషిని అడిగారు. నేను పని ఉందని చెప్పించాను. కిటికీలోంచి చూస్తే, వాళ్ళు ఎండలో కాసేపు ఉండి, మామ్మ ఏదో అంటే తల ఊపి వెళ్ళిపోయారు.

ఇరవయ్యో తేదీ దాటిపోయింది.

నిన్న మామ్మ ఒక్కతే ఇంటికి వచ్చింది. తెలిసిపోయి అడగడానికి వచ్చిందనుకున్నాను. మీ బావ కుర్చీ వేశారు. కూర్చోలేదు. నన్ను ఓదార్చడానికి వచ్చింది చెల్లీ. మా నలుగురి కోసం నువ్వు ఆ కాంట్రాక్టరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగావో, ఎన్ని మాటలు పడ్డావో అంది. నా భుజం మీద చెయ్యి వేసి, "మనసు పాడుచేసుకోకు. నీ చేతిలో ఉంటే నువ్వు చేసేదానివి కాదూ" అంది.

నేను ఔనన్నాను.

ఆవిడ వెళ్ళాక మీ బావ నా వంక చూశారు. పత్రాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. చింపలేదు, చింపితే ఇంకో తప్పు అవుతుందనిపించింది.

నిన్ను క్షమించానని రాయమన్నావు. అలా రాయడానికి నేనెవరిని. కోపం మాత్రం లేదు. ఇది ఎవరికో ఒకరికి చెప్పాలి, నేను చేసింది ఇంకొక మనిషికి తెలిసి ఉండాలి. ఈ మాటలు విని, అయ్యో పాపం అనకుండా ఉండేదానివి నువ్వు ఒక్కదానివే. అనకు. ఏమీ రాయకు కూడా.

రేపు సోమవారం. ఎనిమిదింటికి హాజరు పిలవాలి. మిగిలిన నలుగురి పేర్లు.

నీ అక్క